విమానం మీద పేరు, రాతి మీద పేర్లు

లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఎఫ్1010 అనే పాత బాంబర్ ఉంది. డి.హెచ్.9ఎ రకం, ఇద్దరు ఎక్కేది. దాని ఒంటి మీద హైదరాబాద్ నిజాం బహూకరణ అని రాసి ఉంటుంది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీదికి దాడికి వెళ్లి శత్రువు చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ బతికి ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది పోలండ్ చేరింది, 1977లో బ్రిటన్‌కు వచ్చింది. దాత పేరు మోసిన విమానం ఇన్ని చేతులు మారినా మిగిలింది. మరి ఆ విమానం ఉన్న దళంలోనే ఎగిరి, శవం కూడా దొరకనివాళ్ల పేర్లు ఎక్కడ మిగిలాయి?

నేడు పసుపుకు పేరుపడ్డ ఆర్మూరులో ఉండి ఈ ప్రశ్న వేయడం కొందరికి వింతగా తోచవచ్చు. 1918లో మన ప్రాంతం నిజాం రాజ్యంలోది. అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డి.హెచ్.9ఎ విమానాలతోనే రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరింది. అందుకే దానికి 'హైదరాబాద్' స్క్వాడ్రన్ అని పేరు. తర్వాత దాని చిహ్నంలో పెట్టిన పులి కూడా నిజాం వంశ చిహ్నం నుంచి తీసుకున్నదే. ఆ పేరును బట్టి అందులో హైదరాబాదీలు ఎగిరారనుకుంటే మాత్రం పొరపాటు. ఆ పేరు దాతది, సిబ్బందిది కాదు.

ఇంకో తొందరపాటు నాకే వచ్చింది. 'మన రైతుల సిస్తుతో కొన్న విమానాలు' అని ఒక వాక్యం రాసేశాను, తర్వాత కొట్టేశాను. నిజాం సొంత ఆదాయపు భూములు సర్ఫ్-ఎ-ఖాస్, ప్రభుత్వ ఖజానాకు సిస్తు కట్టేవి దివానీ. ఏ పెట్టెలోంచి సొమ్ము తీశారో విమానం మీది రాత చెప్పదు. రెండు పెట్టెలూ నిండింది చివరికి సాగు చేసేవాళ్ల చెమటతోనే అన్నది నా ఊహ. ఊహను ఊహగానే ఉంచుదాం.

నష్టాల సంగతిలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 1918 అక్టోబరు 21న ఈ దళం కొలోన్ లక్ష్యంగా బయలుదేరింది. మబ్బుల్లో దారి చెదిరింది, 7 విమానాలు తిరిగి రాలేదు. ఒక్కో దాంట్లో ఇద్దరు కాబట్టి 14 మంది చనిపోయారని లెక్క కట్టడం తేలిక, కానీ తప్పు. తిరిగి రానివాళ్లలో ఖైదీలున్నారు, శత్రువు పూడ్చిపెట్టగా సమాధి దొరికినవాళ్లూ ఉంటారు. ఇవన్నీ తీసేశాక మిగిలేదే సమాధి తెలియనివాళ్ల జాబితా.

మొదటి యుద్ధంలో పశ్చిమ రంగాన అలా మిగిలిన వైమానికుల పేర్లు ఫ్రాన్స్‌లోని అరాస్ స్మారకం మీద దాదాపు వెయ్యి ఉన్నాయి. దాన్ని రూపకల్పన చేసింది ఢిల్లీలో ఇండియా గేట్ కట్టిన లుట్యెన్స్. 1932లో ఆవిష్కరించింది ట్రెంచార్డ్. 1918లో 110వ స్క్వాడ్రన్ పనిచేసిన స్వతంత్ర బాంబర్ దళానికి అధిపతి ఆయనే. తాను పంపగా తిరిగి రానివాళ్ల పేర్ల ముందు ఆయనే నిలబడ్డాడన్నమాట.

రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, అది జరిపిన తొలి బాంబు దాడిలో ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్ ఉంది. విల్‌హెల్మ్స్‌హాఫెన్ వద్ద జర్మన్ యుద్ధనౌకల మీదికి 110, 107 దళాల నుంచి అయిదేసి బ్లెన్‌హైమ్‌లు వెళ్లాయి. 107 నాలుగింటిని పోగొట్టుకుంది, 110 ఒకదాన్ని. ఆ ఒక్కటీ ఎమ్డెన్ అనే నౌక మీద కూలిందని ఆ దాడి చరిత్రలు చెబుతాయి. దాని పైలట్ ఇంటిపేరు కూడా ఎమ్డెనే. ఇలాంటి కాకతాళీయాలు కథకు ఇంపుగా ఉంటాయి గానీ, వాటి వెలుగులో వెనక సీట్లలోనివాళ్లు కనపడకుండా పోతారు. బాంబర్ అంటే పైలట్ ఒక్కడే కాదు. దారి చూసేవాడు, రేడియో నడుపుతూ తుపాకీ పట్టినవాడు కూడా అందులోనే పోయారు.

సముద్రంలో పడ్డ విమానానికి గుర్తుగా ఏమీ మిగలదు. వాయవ్య యూరప్ మీద ఎగిరి ఆచూకీ లేకుండా పోయిన కామన్వెల్త్ వైమానికులు 20 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్ల పేర్లన్నీ ఇంగ్లండ్‌లోని రనీమీడ్ స్మారకం మీద చెక్కారు. 1953 అక్టోబరు 17న దాన్ని ఎలిజబెత్ రాణి ఆవిష్కరించింది.

110వ దళం 1942లో భారతదేశానికి వచ్చింది. వెంజెన్స్ బాంబర్లతో, తర్వాత మస్కిటోలతో బర్మా అడవుల మీద ఎగిరింది. మన వైమానిక దళంలోని 7, 8 స్క్వాడ్రన్లు కూడా అదే వెంజెన్స్‌లతో అదే అడవుల మీద పోరాడాయి. ఆ రంగంలో గల్లంతైన వైమానికుడు ఆంగ్లేయుడైనా భారతీయుడైనా అతని పేరు ఉండేది సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీదే. అక్కడ సైన్యం, వైమానిక దళం కలిపి 24 వేలకు పైగా పేర్లున్నాయి. పైకప్పును విమానపు రెక్కలా కట్టారు.

శవం లేని చావు మన ఊళ్లకు కొత్తది కాదు. మోదుగాకు కాడలు 360 కూర్చి మనిషి బొమ్మ చేసి దహనం చేయడం శాస్త్రం చెప్పిన పద్ధతి. తెలంగాణ పల్లెల్లో నిలబడ్డ వీరగల్లులూ సమాధులు కావు, జ్ఞాపకాలు. అయితే చాలా వీరగల్లుల మీద బొమ్మ ఉంటుంది, పేరుండదు. రనీమీడ్‌లో పేరుంటుంది, బొమ్మ ఉండదు. నాకైతే పేరే బలమైన సాక్ష్యం. తర్వాతి తరం వెతకాలన్నా, తప్పు పట్టాలన్నా పేరు చెయ్యందిస్తుంది.

ఆ పేరు అందరికీ ఒకేలా దక్కిందా అంటే, లేదు. 1917లో ఏర్పడి, ఈ స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ హోదా, జాతి భేదం లేకుండా ప్రతి ఒక్కరినీ పేరుతో స్మరించాలని నియమం పెట్టుకుంది. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తన సొంత విచారణ నివేదికలోనే ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో 45 వేల నుంచి 54 వేల మందికి, అందులో ఎక్కువగా భారతీయులకూ ఆఫ్రికన్లకూ, సమానమైన స్మరణ దక్కలేదు. కనీసం మరో 1,16,000 మంది పేరుతో గానీ, అసలే గానీ నమోదు కాలేదు. ఇది నేల మీద పోరాడినవాళ్ల, మోతలు మోసినవాళ్ల కథ. బాంబర్ సిబ్బంది విషయంలో జాబితాలు చాలా మెరుగు. కారణం సులువే. విమానం బయలుదేరే ముందు ఎవరెవరు ఎక్కారో కాగితం మీద ఉండేది. కాగితం లేని కూలీకి రాయి కూడా లేకుండా పోయింది.

ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ వైపు ఎవరింట్లోనైనా తాతల నాటి పెట్టెలో పటాలం కాగితం, పతకం, ఉత్తరం ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. కమిషన్ రిజిస్టర్లలో చాలామంది భారతీయుల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఊరి పేరు అక్షరాలు అటూఇటూ అయి ఉండవచ్చు కాబట్టి నాలుగు రకాలుగా వెతకండి. అక్కడ పేరు లేకపోతే, నమోదు కాని మృతుల విషయంలో ఆధారాలు పరిశీలించి పేరు చేర్చే పద్ధతి కమిషన్‌కు ఇప్పటికీ ఉంది.