రాయి మోసినవాళ్ల చరిత్ర

జపాన్ తన పాత బొగ్గు గనులకు, ఉక్కు కర్మాగారాలకు, ఓడల తయారీ కేంద్రాలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు తెచ్చుకుంది. వాటిలో కొన్నిచోట్ల కొరియా వాళ్లతో బలవంతంగా వెట్టి చేయించారు. ఆ సంగతీ చెప్పాలని దక్షిణ కొరియా పట్టుబట్టింది. జపాన్ మాటిచ్చింది. ఆ మాట సరిగా నిలుపుకోలేదని 2021లో వారసత్వ కమిటీయే తప్పుపట్టింది.

ఇది మనకూ పాఠమే. మన వెల్దుర్తికి దగ్గరలోనే నాగార్జునసాగర్ ఉంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లోయ మునుగుతుందని బౌద్ధ కట్టడాలను నాగార్జునకొండ పైకి, అనుపుకు చేర్చారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. రాయి మోసిన కూలీల పేర్లు, ఊళ్లు వదిలిన కుటుంబాల కష్టాలు మాత్రం పెద్దల నోళ్లలోనే ఉన్నాయి.

మన గూడేల్లో, తండాల్లో ఆ పెద్దలు ఉండగానే అడిగి రాసుకుందాం. రేపు సాగర్‌కు అలాంటి గుర్తింపు అడిగితే, ఆ కాగితాలూ వెంట వెళ్లాలి.