స్టార్లీ గారి వాలు పుల్లలు

సైకిలు చక్రంలో స్పోకులు ఎప్పుడైనా గమనించారా? హబ్బు నుంచి రిమ్ముకి తిన్నగా పోవు. వాలుగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. అందం కోసం కాదండోయ్, దీని వెనక నూట యాభై ఏళ్ల కథ ఉంది.

ఎడ్లబండి చక్రంలో బరువంతా ఆకుల మీద నిలబడుతుంది, అందుకే అవి లావుగా ఉంటాయి. సన్నటి తీగ నొక్కితే వంగిపోతుంది గానీ లాగితే బ్రహ్మాండంగా తట్టుకుంటుంది. ఈ కిటుకు 1808లోనే ఇంగ్లండులో జార్జ్ కేలీకి తట్టింది. ఆయన ఆలోచిస్తున్నది సైకిలు గురించి కాదు, ఎగిరే యంత్రానికి తేలికపాటి చక్రాల గురించి! 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ స్పోకుల సైకిలు చక్రానికి పేటెంటు తీసుకున్నాడు.

అప్పట్లో చైను లేదు, పెడళ్లు ముందు చక్రం హబ్బుకే ఉండేవి. తొక్కితే హబ్బు తిరగబోతుంది, రిమ్ము వెనకబడుతుంది. తిన్నటి స్పోకు ఆ మెలికని ఆపలేదు, కాస్త పక్కకి ఒరిగాకే లాగగలదు. 1874లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ ఏం చేశాడంటే, ఆ ఒరిగేదేదో ముందే ఒరిగించి బిగించేశాడు. సగం స్పోకులు ముందుకి, సగం వెనక్కి. అంతే!

తర్వాత చైను వచ్చి, తొక్కే బలం వెనక చక్రానికి పోయింది. రిమ్ము బ్రేకు రిమ్మునే పట్టుకుంటుంది కాబట్టి ముందు హబ్బుకి ఆ మెలిక బాధ లేదు. దాంతో రేసు సైకిళ్లలో ముందు చక్రానికి తిన్నటి స్పోకులు మళ్లీ వచ్చాయి.

ఇప్పుడు డిస్క్ బ్రేకు. రోటరు ఉండేది హబ్బు మీద. 160 మి.మీ. రోటరులో ప్యాడు పట్టే చోటు ఇరుసుకి 7 సెం.మీ. పైచిలుకు దూరం, టైరు నేలని తాకే చోటు దాదాపు 34. అంటే టైరు దగ్గర పుట్టే బలానికి నాలుగు రెట్లకి పైగా ప్యాడు దగ్గర కావాలి. ఆ మెలికంతా హబ్బుకీ రిమ్ముకీ మధ్య మోసేది స్పోకులే! అందుకే షిమానో వాళ్లు డిస్క్ హబ్బులకి తిన్నటి స్పోకులు వాడొద్దని మాన్యువల్లోనే రాస్తారు. స్పోకులు తెగొచ్చు, చక్రం పాడవ్వొచ్చు. అదీ ఘాటు దిగుతూ ముందు బ్రేకు నొక్కినప్పుడైతే... ఇంక చెప్పక్కర్లేదు.

కాబట్టి పాత సైకిలుకి డిస్క్ హబ్బు వేయించుకునేవాళ్లు, చూడ్డానికి బాగుంటుందని తిన్నటి స్పోకులు అడక్కండి. పాత కోడులో ఎందుకుందో తెలీని లైను కనిపిస్తే తీసేసే ముందు చరిత్ర చూస్తాం కదా. చక్రానికీ అదే సూత్రం!