బత్తాయి ఆకుకు పరీక్ష

జనవరి పొద్దు. గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల వెనక సందు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. పెరట్లో బత్తాయి ఆకును పట్టుకుంటే వేళ్లకు బొగ్గు మసి అంటుతుంది. తడిగుడ్డతో తుడిస్తే కింద ముదురు పచ్చ, నిగనిగ. కొమ్మ కొమ్మకూ కాయలే.

"చెట్టు మంచిగనే ఉన్నది గదా బిడ్డా. దీని కండ్లు దీస్కపోయి మా ఊర్ల చెలకల అంటు గట్టిస్త," అంటాడు గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన.

"ముందుగాల ఆకు పరీక్షకు పంపుదాం పెద్దయ్యా."

చెట్టు పచ్చగా ఉండటమే ఇక్కడ చిక్కు. రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన బత్తాయి, నిమ్మజాతి చెట్లకు సోకే ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకుంటుంది. లోపల రోగం ఉన్నా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. ఆ చెట్టు నుంచి తీసిన కన్నుతో (అంటుకు వాడే మొగ్గతో) వైరస్ కొత్త మొక్కకు పోతుంది, అక్కడి నుంచి పేనుబంక దాన్ని తోటంతా పాకిస్తుంది. తెగులు సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు. అందుకే అంటున్నాను: పరీక్ష చెయ్యని తల్లి చెట్టు నుంచి అంట్లు కట్టి అమ్మడం రైతు నోట మట్టి కొట్టడమే.

చెట్టు చుట్టూ తిరిగి నాలుగు దిక్కులా లేత కొమ్మలు కొయ్యాలి. వైరస్ చెట్టంతా ఒకేలా ఉండదు. ఎండాకాలంలోనైతే వేడికి అది పలచబడి పరీక్షకు చిక్కకపోవచ్చు, రామగుండం మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కొమ్మల్ని తడి కాగితంలో చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి, రామగుండం స్టేషన్లో ఉత్తరాదికి పోయే రైలెక్కాలి. బల్లార్షా దాటితే నాగపూర్. కేంద్రీయ సిట్రస్ పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే.

ల్యాబులో ముందు ఆకు నడిమి ఈనెను బ్లేడుతో విడదీస్తారు. ఈ వైరస్ ఉండేది చెట్టు ఆహారం పారే నాళాల్లో, కాబట్టి ఈనె, కాడ, బెరడు ముఖ్యం. చిన్న రోట్లో ద్రావణం పోసి నూరితే పచ్చటి రసం, బత్తాయి తొక్క వాసన. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలకలో 96 గుంటలు. వాటి అడుగున ట్రిస్టెజాను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని ముందే అంటించి ఉంచారు. పెద్దాయన చెట్టు రసం కొన్ని గుంటల్లో, ఆరోగ్యమైన మొక్కది కొన్నింట్లో, తెగులు ఉందని తేలిన మొక్కది మరికొన్నింట్లో. రాత్రంతా ఫ్రిజ్‌లో. తెల్లారి కడగడం, ఎంజైము తగిలించిన యాంటీబాడీ వెయ్యడం, మళ్లీ కడగడం. కడగడంలో అశ్రద్ధ చేస్తే ఫలితమే అబద్ధమాడుతుంది.

ఈ పరీక్ష పేరు ఎలైజా. మొక్కల వైరస్‌ల మీద దీన్ని మొదట నిలబెట్టిన పనుల్లో ఒకటి టెంక పండ్లది: ఆల్‌బుకారా, పీచ్ తోటల్ని నాశనం చేసే ప్లమ్ పాక్స్ వైరస్ మీద, 1976-77లో క్లార్క్, ఆడమ్స్ బృందం ఇంగ్లండులో చేసిన పని అది. చల్లని దేశపు పండు మీద నిలదొక్కుకున్న పరీక్ష ఇవాళ బొగ్గుగనుల ఊరి బత్తాయికి పనికొస్తోంది.

ఎంజైము తగిలితే రంగు మారే చివరి ద్రావణం పోశారు. నిమిషాలు గడుస్తున్నాయి. ఆరోగ్యమైన మొక్క గుంటలు నీళ్లలాగే ఉన్నాయి. పెద్దాయన చెట్టు గుంటల్లో అంచు నుంచి లేత పసుపు దిగుతోంది, చూస్తుండగానే చిక్కబడుతోంది. 405 నానోమీటర్ల కాంతిలో యంత్రం కొలిచిన అంకె ఆరోగ్యమైన దానికి మూడింతలు దాటింది. అనుమానం మిగలకుండా పీసీఆర్ కూడా చేస్తారు.

చెట్టును కొట్టెయ్యక్కర్లేదు. ఈ వైరస్ మనుషులకు సోకదు, కాయలు నిశ్చింతగా తినొచ్చు. దాని కన్ను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఆ రకమే కావాలంటే ఒక దారి ఉంది: మైక్రోస్కోపు కింద మిల్లీమీటరులో పదోవంతో, రెండు వంతులో ఉండే చిగురు కొస కోసి, గాజు గొట్టంలో పెరిగిన నారుకు అంటు కడతారు. ఆ కొసకు వైరస్ చాలాసార్లు చేరి ఉండదు. ఆ మొక్క ఎదిగాక దాని ఆకునూ ఇదే పలకలో పరీక్షించి, గుంట రంగు మారకుండా నిలిస్తేనే కన్ను తీస్తారు.