వికిరణం, కణచక్రం, ఆగిన ప్రతికృతి

రాంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్న మరుసటి ఏడాదే వైద్యులు వాటిని కణితులపై ప్రయోగించినా, అవి కణంలో దేన్ని దెబ్బతీస్తున్నాయో తేలడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. 1906లో ఫ్రాన్సుకు చెందిన బెర్గోనియే, ట్రిబొండో ఎలుకల వృషణాలను పరిశీలించి, చురుగ్గా విభజన చెందే కణాలే వికిరణానికి త్వరగా లొంగుతాయని సూత్రీకరించారు. ఆ సూత్రం చికిత్సకు దారి చూపినా, విభజనలో ఏ ఘట్టం కీలకమో చెప్పలేకపోయింది.

ఆ లోటు తీరడానికి దారి వేసినవారు లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో పనిచేసిన ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్. వారు ఎంచుకున్నది కణితి కాదు, విసియా ఫాబా అనే చిక్కుడు జాతి మొక్క వేరు కొన. కొత్తగా తయారయ్యే డీఎన్ఏలో చేరే రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ను వేళ్లకు అందించి, ఆ కణాలను ఫొటోగ్రాఫిక్ పొర కింద ఉంచగా, పొరపై ఏర్పడిన నల్లని చుక్కలు ఏ కణంలో డీఎన్ఏ తయారైందో చూపాయి. విభజనకు ముందు డీఎన్ఏ తన నకలును తయారుచేసుకునే ఈ ప్రక్రియ, అనగా ప్రతికృతి, రెండు విభజనల నడుమ ఒక నియత దశలోనే సాగుతుందని, దానికి ముందొకటి, తరువాతొకటి విరామాలున్నాయని 1953లో వారు ప్రకటించారు. పాఠ్యపుస్తకాలలోని జీ1, ఎస్, జీ2, ఎం అనే కణచక్ర దశలకు మూలం ఇదే. డీఎన్ఏ జంటసర్పిల నిర్మాణం వెలువడిన ఏడాదే రావడం వల్ల కాబోలు, ఈ పనికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

వికిరణం సోకిన కణాలలో ప్రతికృతి మందగించడం కంటబడినప్పుడు, తెగిన డీఎన్ఏ పోగుల వల్ల పని దానంతటదే నిలిచిపోతున్నదని భావించడం సహజమే. ఆ భావనను 1980లో పెయింటర్, యంగ్ తలకిందులు చేశారు. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారి కణాలు వికిరణానికి మిక్కిలి సులభంగా చనిపోతాయి. అయినా వాటిలో ప్రతికృతి, మామూలు కణాలలో తగ్గినంతగా తగ్గలేదు. అంటే ఆ నిలుపుదల కేవలం గాయం ఫలితం కాదు, మరమ్మత్తుకు వ్యవధి కోసం కణం తానుగా వేసుకునే అడ్డుకట్ట. 1988లో వైనర్ట్, హార్ట్‌వెల్ ఈస్ట్ కణాలలో ఇటువంటి తనిఖీ వ్యవస్థను నడిపే రాడ్9 జన్యువును గుర్తించగా, 1995లో పై వ్యాధికి కారణమైన ఏటీఎం జన్యువు బయటపడింది.

అనేక కాన్సర్ కణాలలో ఈ తనిఖీ వ్యవస్థలో ఏదో ఒక భాగం ముందే చెడి ఉంటుంది కనుక, అవి మిగిలిన భాగాలపై మరింతగా ఆధారపడతాయి. అందుకే ఆ వ్యవస్థలో భాగమైన ఏటీఎం ప్రోటీన్ పనిని అడ్డుకునే మందులను రేడియేషన్‌తో కలిపి మెదడు కణితులున్న రోగులలో ఇప్పటికే పరీక్షిస్తున్నారు.