పులుల హిజ్రత్ మన ఇంటి ముందు నుంచే

రాత్రి ఇషా తర్వాత మా చిన్నోడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. లక్షల కొద్దీ అడవిదున్నల్లాంటి జంతువులు దుమ్ము లేపుకుంటూ మారా నది దాటుతున్నాయి. టాంజానియాలోని సెరెంగెటి నుంచి కెన్యాలోని మసాయి మారా దాకా ఏటా వాటి సఫర్ అదే. "అబ్బా, మనం ఎప్పుడైనా పోదామా?" అన్నాడు. టికెట్ల ధర చూస్తే ఆ మాట అక్కడే ఆగిపోయింది. కానీ మన మంచిర్యాలలో కూర్చుని హిజ్రత్ చూడడానికి అంత దూరం పోవాలా అని మాత్రం అనిపించింది.

మా దాదా కాలంలో బల్హార్షా పోవాలంటే రైలే. 1929లో కాజీపేట నుంచి ఆ లైను పూర్తయింది. మంచిర్యాల, ఆసిఫాబాద్ రోడ్, కాగజ్‌నగర్, సిర్పూర్ దాటి చందా వైపు పోతుంది. ఇప్పుడు పులులు ఇంచుమించు అదే దారిన ఉల్టా వస్తున్నాయి. చంద్రపూర్ దగ్గర తాడోబా 1955లోనే నేషనల్ పార్కు అయింది. అక్కడ పులులు పెరిగి జాగా ఇరుకైంది. రెండేళ్లు నిండిన మగపిల్లను తల్లి తన ఇలాకాలో ఉండనివ్వదు. అది వార్ధానో, ప్రాణహితనో దాటి మన జంగల్‌కు వస్తుంది.

మన జంగల్ కహానీ కూడా సీదాగా లేదు. ఒకప్పుడు నవాబులకు, గోరా సాహెబులకు ఇది షికార్‌గాహ్. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసుకుంటూ పోతే గోండుల పొలాలు పోయాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఆ జమీన్ కోసమే. సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చి అడవి వెదురును కాగితం చేసింది, కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. షికారుకు తాళం పడింది 1972 చట్టంతో. కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ 893 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ బఫర్ 1,100 పైనే.

పోయిన చలికాలం పిల్లల్ని తీసుకుని లక్సెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం పోయాం. జీపులో రెండు గంటలు తిరిగితే చుక్కల జింకలు, ఒక అడవిదున్న, బోలెడు టేకు చెట్లు కనబడ్డాయి. పులి లేదు. చిన్నోడు మొహం మాడ్చుకున్నాడు. డ్రైవర్ భాయ్ నవ్వి, "అవి కాగజ్‌నగర్ దగ్గరే ఆగిపోతున్నయ్ సాబ్" అన్నాడు.

ఆయన మాట నిజమే. ఫల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి మహారాష్ట్ర నుంచి వచ్చి కాగజ్‌నగర్ అడవిలోనే పిల్లల్ని పెట్టింది. కవ్వాల్ దాకా రావాలంటే రోడ్డు, రైలు పట్టాలు, బొగ్గు గనులు, పత్తి చేన్లు దాటాలి. 2024 చివర్లో జానీ అనే మగపులి కిన్వట్ వైపు నుంచి బయల్దేరి నెల రోజుల్లో దాదాపు 300 కిలోమీటర్లు తిరిగింది. జోడీ కోసమని అఖ్బార్లు రాశాయి. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ ఖబర్ చదివి తెగ నవ్వుకున్నారు.

నవ్వులాట కాని సంగతి కూడా ఉంది. పులుల సఫర్, పత్తి ఏరే కాలం ఒకటే. 2020 నవంబర్ ఒక్క నెలలోనే కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఇద్దరిని పులి చంపింది. చేనుకు పోయిన అమ్మాయి ఒకరు, యువకుడొకరు. 2024 నవంబర్ చివర్లో మళ్లీ పత్తి చేనులో ఒక యువతి. ఆ ఏడే జనవరిలో రెండు పులులు కూడా చచ్చిపోయాయి. ఒకదానికి విషం పెట్టారు. ఇందులో జాలిమ్ ఎవరు, మజ్లూమ్ ఎవరు? పులికి పోవడానికి మరో ముల్క్ లేదు. కూలికి పత్తి చేను తప్ప రోటీ లేదు. భీం అడిగిన జమీన్ సవాలు ఎనభై ఏళ్లు దాటినా నిలిచే ఉంది. 2025లో అక్కడి అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తే ఆదివాసీలు మళ్లీ రోడ్డెక్కారు, సర్కారు జీవోను ఆపేసింది.

తిరిగొస్తూ చిన్నోడికి ఇదంతా చెప్పాను. ఆ ఊళ్లలో పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు తల వెనక మనిషి మొహం మాస్కు కట్టుకుంటున్నారని, పులి వెనక నుంచే మీద పడుతుందని అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు.