కులం గడి లేని కాగితం

నేను మాదిగ పేటలో పుట్టాను. గోదావరి జిల్లాలో సర్కారు బళ్ళో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మా ఇంటా వంటా డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. మా అయ్య ఆసాముల దగ్గర పాలేరుతనం చేశాడు, చెప్పులు కుట్టాడు, ఊళ్ళో చావుకీ జాతరకీ డప్పు కొట్టాడు. ఆయన బతుకులో వేలిముద్ర వేసిన కాగితాలే తప్ప చదివిన కాగితం లేదు.

నా భార్య నర్సు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి నడుం పోగొట్టుకుంది. ఈ మధ్య ఆమెకి గయానా దేశం నుంచి ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళ ఒప్పందం. భర్తనీ బిడ్డనీ తెచ్చుకోవచ్చన్నారు. నెలలోపు అవునో కాదో చెప్పాలి.

గయానా అంటే మా పేటలో ఎవరికీ తెలీదు. మ్యాపులో చూస్తే అది దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున ఉంటుంది. బతుకూ చరిత్రా చూస్తే కరీబియన్ దేశమే. వెస్టిండీస్ జట్టులో ఆడిన చందర్‌పాల్ అక్కడివాడే. దేశం మొత్తం జనం దాదాపు 8 లక్షలు. 2015లో సముద్రంలో చమురు బయటపడింది, 2019 డిసెంబరు నుంచి తోడుతున్నారు. డబ్బొచ్చింది, ఆసుపత్రులు లేస్తున్నాయి, నర్సులు కావాలి. అందుకని మా గడప దాకా కబురొచ్చింది.

మా అయ్యకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఒరేయ్ పెద్దోడా, మా తాత తమ్ముడు రంగం ఎల్లాడు. కాకినాడలో ఓడెక్కాడు. వస్తానన్నాడు. ఆడి పెళ్ళాం సచ్చేదాకా గుమ్మంలోనే కూకుంది. ఓడెక్కినోళ్ళ లెక్క ఎవరి కాడుందిరా?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నేను చరిత్ర చెప్పేవాణ్ణి. రంగం పోయినోళ్ళ సంగతి మా ముసలోళ్ళ నోట విన్నాను. మరి నేను నా పెళ్ళాం బిడ్డల్ని తీసుకుపోదామనుకుంటున్న ఆ గయానాకి ఇంతకు ముందు మనోళ్ళు ఎవరైనా పోయారా? పోతే ఎట్లా పోయారు? నేను చదువుకున్న పాఠాల్లో బానిసత్వం రద్దయిందని ఒక వాక్యం ఉండేది. ఆ తర్వాత ఆ చెరుకు తోటల్లో పని ఎవరు చేశారో ఎవరూ చెప్పలేదు. వెతుక్కుని చదివాను. అది ఇక్కడ రాస్తున్నాను.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చింది. 1834 ఆగస్టు 1న అమలైంది. అయినా 'అప్రెంటిస్' అని పేరు మార్చి నల్లవాళ్ళని ఇంకో నాలుగేళ్ళు కట్టేసే ఉంచారు. 1838 ఆగస్టు 1న గానీ వాళ్ళకి విడుదల లేదు. విడుదలయ్యే ముందే తోటల దొరలు జాగ్రత్తపడ్డారు. విట్బీ అనే ఓడ 1838 జనవరి 13న కలకత్తాలో బయల్దేరి మే 5న గయానా చేరింది. నూటపన్నెండు రోజుల ప్రయాణం. హెస్పరస్ అనే ఇంకో ఓడ కూడా అదే రోజు చేరింది. ఆ రెండు ఓడల్లో దిగినవాళ్ళే అక్కడి మొదటి భారతీయ కూలీలు. 1845లో ట్రినిడాడ్‌కి, జమైకాకి కూడా ఓడలు నడిచాయి. 1917లో ఈ పద్ధతి ఆగేసరికి ఒక్క గయానాకే సుమారు 2 లక్షల 39 వేలమందిని, ట్రినిడాడ్‌కి సుమారు లక్షా 44 వేలమందిని తరలించారు.

ఇందులో ఎక్కువమంది ఉత్తరాది భోజ్‌పురి జిల్లాల వాళ్ళు. మద్రాసు రేవు నుంచి గయానా పోయినవాళ్ళు సుమారు 15 వేలు. వాళ్ళలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి 1853లో మార్టినిక్‌కి, 1854లో గ్వాడలూప్‌కి మనుషుల్ని పంపడం మొదలెట్టారు.

ఎందుకు పోయారు? ఊరక పోలేదు. 1832–33లో గుంటూరు సీమలో డొక్కల కరువొచ్చింది. 1876లో ధాత కరువు మొదలైంది. కరువు అందరికీ వస్తుంది గానీ అందర్నీ ఒకేలా చంపదు. గాదె ఉన్నవాడు గాదె తీసుకుంటాడు. చెయ్యి తప్ప ఏమీ లేనివాడు రేవు దారి పడతాడు. అక్కడ మేస్త్రీ కాచుకుని ఉంటాడు. తలకింత అని అతనికి ముడుతుంది.

ఓడెక్కే ముందు ఒక్కొక్కరికీ ఒక పాసు రాసేవారు. ఆ పాసుల ఫొటోలు నేను చూశాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఊరు, జిల్లా. వాటి మధ్యన ఇంకో గడి. కులం.

ఆ గడి చూసి నాకు నవ్వూ వచ్చింది, కడుపులో మంటా వచ్చింది. తిండి లేక, ఇల్లు లేక, కట్టుకున్న బట్టతో సముద్రం దాటుతున్నాడు. వాడి దగ్గర ఏమీ లేదు. కులం మాత్రం ఉంది, అది గుమాస్తా జాగ్రత్తగా రాసి పంపాడు. ఉత్తరాది పాసుల్లో చమార్ అని, మద్రాసు పట్టీల్లో పరయ అని కనపడుతుంది. మన మాలనీ మాదిగనీ ఏ గుమాస్తా ఏ పేరుతో ఎక్కించాడో!

మరి ఓడలో కులం ఏమైంది? వంటకి పైకులాల వాళ్ళనే పెట్టేవారు, అయినా తినే బంతి ఒకటే. పడుకునేది పక్కపక్కనే. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకున్నారు. ఓడ అన్నదమ్ములన్నమాట. ఊళ్ళో ఒకే బావి దగ్గర నిలబడలేనివాళ్ళు సముద్రం మీద అన్నదమ్ములయ్యారు. తోటల్లో లోగీలని బారాకులుండేవి. అంతకు ముందు నల్లజాతి బానిసలుండిన కొట్లు అవే. అందులో అగ్రహారం వేరు, పేట వేరు అని గీత గియ్యడానికి చోటు లేదు.

అయితే కులం సముద్రంలో మునిగి చచ్చిపోయిందని సంబరపడకండి. పూజలూ పౌరోహిత్యాలూ మళ్ళీ బ్రాహ్మల చేతికే పోయాయి. చమార్ అనే మాట ఆ దేశాల్లో తిట్టుగా మిగిలింది. మద్రాసీలు నల్లవాళ్ళు, తాగుబోతులు, పనికిరారు అని దొరలు ఫిర్యాదులు రాశారు. ఉత్తరాదివాళ్ళూ వీళ్ళని చిన్నచూపు చూశారు. మేకని కోసి అమ్మవారిని కొలిచే వీళ్ళ పూజలు హిందూ పెద్దలకి అసహ్యమయ్యాయి. మా పేట నూకాలమ్మ జాతరని ఊరివాళ్ళు చూసే చూపు నాకు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. గయానాలోనూ ట్రినిడాడ్‌లోనూ కాళీమాయి గుళ్ళల్లో మారెమ్మని కొలుస్తారు. అక్కడ కొట్టే వాయిద్యం పేరు 'తప్పు'. మేకతోలు బిగించిన పలక. కొట్టే ముందు మంట మీద కాస్తారు.

మా అయ్య నన్ను చిన్నప్పుడు డప్పు ముట్టనియ్యలేదు. "నీ చేతికి రాసుకునే పలకే, మోగే పలక వద్దు" అనేవాడు. ఆయనకీ సంగతి చెప్పాను.

"కాస్తారా మంట మీద?"

"కాస్తారంట అయ్యా."

"అయితే మనదే" అన్నాడు. తమిళులదీ అయ్యుండొచ్చని నేననలేదు. తమిళ పేటల్లోనూ దాన్ని మోసింది మనలాంటోళ్ళే కదా.

ఆ ఒప్పందం సంగతీ తెలుసుకోవాలి. అయిదేళ్ళు కట్టు. మగవాడికి రోజు కూలి ఒక షిల్లింగు అని లెక్క, అప్పగించిన పని పూర్తయితేనే. పనికి రాకపోతే జైలు. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలు. 1913 మార్చిలో రోజ్ హాల్ తోటలో కూలీలు ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు, 15 మంది చచ్చిపోయారు. కట్టు కూలి పద్ధతి పోయాక కూడా, 1948 జూన్ 16న ఎన్మోర్‌లో సమ్మె చేస్తున్న అయిదుగురిని చంపారు. ప్రతి ఏటా ఆ రోజు గయానాలో వాళ్ళని తలుచుకుంటారు. కారంచేడు, చుండూరు తలుచుకునే మనకి ఆ తలపు ఏమిటో చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామందిని సముద్రం దాటి మైలపడ్డారని సొంత ఊళ్ళే రానియ్యలేదు. 1920ల్లో కలకత్తా పక్కన మటియాబుర్జ్‌లో అలాంటివాళ్ళు రోగాలతో, ఆకలితో పడి ఉండి, మమ్మల్ని మళ్ళీ ఆ తోటలకే పంపండని మొత్తుకున్నారు. పుట్టిన ఊరి కన్నా చెరుకు తోట నయమనిపించిందంటే ఆ ఊరు ఎలాంటిదో చూడండి.

ఇంతవరకూ మన బాధే చెప్పాను. చెప్పుకోవడానికి ఇష్టం లేనిది కూడా ఒకటుంది. విడుదలైన నల్లజాతి కూలీలు 1842లో గయానాలో సమ్మె చేసి గెలిచారు. 1848లో మళ్ళీ చేశారు, ఓడిపోయారు. అప్పటికి దొరల చేతిలో ఓడల్లో తెచ్చిన కూలీలున్నారు. అంటే మన ఆకలిని వాళ్ళ కడుపు కొట్టడానికి వాడారు. మనోళ్ళకి ఆ సంగతి తెలీదు. దొరకి బాగా తెలుసు. ఆ రోజున వేసిన గీత 1960ల్లో రెండు జాతుల మధ్య నెత్తురు పారించింది. దాన్ని చెరపాలని చూసిన చరిత్రకారుడు వాల్టర్ రోడ్నీ. నల్లవాడు. ఆఫ్రికన్ కూలీనీ భారతీయ కూలీనీ ఒకే శ్రామిక వర్గంగా చూసి చరిత్ర రాశాడు, ఇద్దర్నీ కలిపి రాజకీయం చేశాడు. 1980 జూన్ 13న జార్జిటౌన్‌లో బాంబు పేలి చచ్చిపోయాడు. పాత ఓడల రికార్డులు దాచిన ఆ దేశపు పత్రాగారానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. నేను ఆ దేశం పోతే నా కూతురు బళ్ళో నల్లపిల్లల పక్కన కూర్చుంటుంది. వాళ్ళని తక్కువగా చూసే 'ఇండియన్' కింద నా బిడ్డ తయారైతే, నేను కులం నుంచి పారిపోయి ఇంకో కులాన్ని పెంచినట్టే.

ఇవన్నీ నా భార్యకి చెప్పాను. విని, "ఆడవాళ్ళ సంగతి ఏం రాశారు?" అంది. ప్రతి వంద మంది మగవాళ్ళకీ నలభై మంది ఆడవాళ్ళుండాలని నిబంధన పెట్టారనీ, విధవలూ మొగుడొదిలేసినవాళ్ళూ చాలామంది ఒంటరిగా ఓడెక్కారనీ చెప్పాను. "అప్పుడు మమ్మల్ని లెక్క కోసం తీసుకెళ్ళారు. ఇప్పుడు ఒప్పందం నా పేరున ఉంది. మీరూ పాపా నా వెనక వస్తారు. అది కూడా రాయండి" అంది. రాస్తున్నాను. మా ఇళ్ళల్లోంచి కువైట్‌కీ మస్కట్‌కీ పాచిపనికి పోయిన అక్కలూ పిన్నులూ ఎంతమందో. వాళ్ళ వెనక మొగుళ్ళు పోయే వీలు లేకపోయింది.

పాత రోజుల్లో రేవులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అని ఒక అధికారి ఉండేవాడు. వలసపోయేవాళ్ళ సంరక్షకుడు. ఆయన సంరక్షణలోనే అంతమంది పోయారు. 1983లో స్వతంత్ర భారతం చేసిన వలస చట్టంలోనూ ఆ పదవికి అదే పేరు పెట్టారు. మేస్త్రీ కూడా పోలేదు. మాకు దొరికిన ఏజెంటు ఒప్పందం కాగితం చూపించక ముందే డబ్బడిగాడు. నా భార్య ఒక్కొక్క వాక్యం చదివి, ఆసుపత్రికి తనే ఉత్తరం రాసి, జీతం, గంటలు, మధ్యలో మానేస్తే ఏమవుతుందో తేల్చుకున్నాకే సంతకం సంగతి మాట్లాడింది. వేలిముద్ర వేసినవాళ్ళకీ మాకూ ఉన్న తేడా అదొక్కటే. ఆ తేడా కోసమే మా అయ్య నాకు పలక కొన్నాడు.

నాకు జీతం లేని సెలవు కావాలి, పాస్‌పోర్టుకి నిరభ్యంతర పత్రం కావాలి. ఒక ఆఫీసులో గుమాస్తా నా దరఖాస్తు తిరగేసి, "మీవాళ్ళకి కోటాలో ఉద్యోగాలిస్తే దేశం వదిలిపోతారా మాస్టారూ?" అన్నాడు. ఆయన కొడుకు అమెరికాలో ఉన్నాడని ఆ గది అంతటికీ తెలుసు. నేను అన్నాను, "మావాళ్ళు 1838 నుంచీ పోతున్నారండీ. అప్పుడు మీరు కోటా ఇవ్వలేదు." కాగితం మూడు వారాలు ఆలస్యమైంది. పోనీండి.

చివరికి పాస్‌పోర్టు వచ్చింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. నేను రెండుసార్లు తిరగేశాను. కులం గడి లేదు. ఆ గడి లేని కాగితం మా ఇంట్లో ఎన్నున్నాయో లెక్కపెడితే చేతివేళ్ళు చాలు. ఉన్నవాటి వల్లే నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది. దాన్ని నేను కాదనను. కులం గడి లేనంత మాత్రాన కులం లేదనీ నమ్మను.

కిందటి నెల నా కూతురు బడి నుంచి వచ్చి, "నాన్నా, నా ఫ్రెండు వాళ్ళ అమ్మ మీరేంటోళ్ళు అని అడిగింది. ఏం చెప్పాలి?" అంది. మూడో తరగతి. గయానా వెళ్తే ఈ ప్రశ్న తప్పుతుందని నేను మొదట ఆశపడ్డ మాట నిజం. ఇంత చదివాక ఆ ఆశ తగ్గింది. అక్కడా ఎవరో ఒకరు అడుగుతారు, ఇంకో మాటతో అడుగుతారు. "మాదిగోళ్ళం అని చెప్పు. మా తాత డప్పు కొట్టేవాడు, మా అమ్మ నర్సు, మా నాన్న మాస్టారు అని కూడా చెప్పు" అన్నాను.

అవునని జవాబు రాశాం. ముందు తను వెళ్తుంది. బళ్ళు మూసేశాక నేనూ పాపా వెళ్తాం. అయ్య తమ్ముడి దగ్గర ఉంటాడు. మూడేళ్ళ తర్వాత ఉండాలో రావాలో అప్పుడు చూసుకుంటాం. రావడానికి మాకు ఊరి అనుమతి అక్కర్లేదు.

ఇది చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మీ ఇంట్లోంచీ ఎవరో ఒకరు రంగమో, మారిషసో, నాటాలో, గల్ఫో పోయుంటారు. ముసలోళ్ళు ఉండగానే అడగండి. పేరు, ఏ రేవు, ఏ ఏడు, ఎవరితో, తిరిగొచ్చారా లేదా. రాసిపెట్టండి. మా తాత తమ్ముడి పేరు మా అయ్యకి కూడా గుర్తు లేదు. నేను ఎవరినడగాలి?