నది పద్దులో చేప గడి

వాగు పక్కన బతికే మనకు నీళ్ల గుణం చూపుతోనే తెలుస్తుంది. నీళ్లు ఎర్రగా వస్తే పైన వాన పడిందంటాం. పారని చోట పాచి పడుతుందని, ఇసుకలో చెలమ తోడితే తేట నీళ్లు ఊరతాయని మన పిల్లలకు కూడా తెలుసు. అది తరతరాల పరిశీలన. కానీ రంగూ వాసనా లేని విషం నీళ్లలో కలిస్తే అది ఎటు పోతుంది? ఎక్కడ ఆగుతుంది? ఎన్నేళ్లు ఉంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు కోసం గత వందేళ్లలో శాస్త్రవేత్తలు ఒక లెక్కను తయారు చేస్తూ వచ్చారు. దాన్నే నీటి నాణ్యత మోడల్ అంటున్నారు. ఆ లెక్క ఎలా పుట్టింది, ఎక్కడ తప్పింది, తప్పినప్పుడు ఎవరి బతుకు చెడింది అన్నది ఆదివాసులుగా మనం తెలుసుకోవలసిన చరిత్ర.

మోడల్ అంటే బెదిరిపోనక్కర్లేదు. అదొక పద్దు. నీటిలోకి ఎంత వచ్చింది, ఎంత బయటికి పోయింది, లోపల ఎంత వేరే రూపంలోకి మారింది, ఎంత అడుగున దిగింది అని నాలుగు గడులు గీసి రాసుకుంటారు. కూడికలు, తీసివేతలు చేస్తే రేపటి సంగతి అంచనాకు వస్తుంది. కంప్యూటర్లు వచ్చాక ఒకే నదిని వందల ముక్కలుగా చేసి ముక్కముక్కకూ పద్దు రాస్తున్నారు. సూత్రం మాత్రం మారలేదు. ఏ గడి గీశామో దాని గురించే లెక్క మాట్లాడుతుంది. గీయని గడి గురించి నోరు విప్పదు.

ఈ కథ పట్టణాల మురుగుతో మొదలైంది. బ్రిటన్‌లో నదులు మురుగు కాల్వల్లా మారిపోతే 1898లో ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్ వేసింది. ఆ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదిక ఒక కొలత పెట్టింది. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఐదు రోజుల్లో ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చూడాలి. అది లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ మురుగును వదిలే నదిలో కనీసం ఎనిమిది రెట్లు మంచినీరు ఉండాలి. ఈ కొలతకే బీఓడీ అని పేరు. మన దేశంలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఇప్పుడు 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకు కొలుస్తున్నారు. ఆ 'ఎనిమిది రెట్లు' అన్న మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. పలుచన చేస్తే చెడు పోతుందన్న నమ్మకం అది.

తరువాతి అడుగు అమెరికాలో పడింది. అక్కడి ప్రజారోగ్య శాఖలో పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు ఒహైయో నదిని పరిశీలించి 1925లో ఒక సమీకరణం ప్రచురించారు. నదిలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయని వాళ్లు చూపించారు. సూక్ష్మజీవులు మురుగును తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. పైనున్న గాలి నుంచి కొత్త ఆక్సిజన్ నీటిలో చేరుతుంది. మొదట ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. కొంత దూరం పోయాక రాబడిదే పైచేయి అవుతుంది. గీత గీస్తే అది ఊయలలా కిందికి వంగి మళ్లీ పైకి లేస్తుంది.

ఈ గీతలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది మురుగు కలిసిన చోట కాదు. నీళ్లు కొన్నాళ్లు ప్రయాణం చేశాక, ఎక్కడో దిగువన. 30 డిగ్రీల వెచ్చని నీటిలో ఆక్సిజన్ లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి నిలవదు. అది నాలుగు కన్నా తగ్గితే చాలా చేపలకు ఊపిరాడదు. పైన మురుగు వదిలిన పట్టణానికి ఏమీ కనపడదు. కింద ఏ పల్లె రేవులోనో చేపలు తేలతాయి. కారణం పైన ఉందని ఆ పల్లె చెబితే నమ్మేవారుండరు. ఈ లెక్క ఆ పల్లె పక్షాన సాక్ష్యం చెప్పగలదు.

కానీ ఇదే లెక్క ఇంకో ఆలోచనకూ దారి తీసింది. నది ఎంత మురుగు భరించగలదో తెలిసింది కదా, అంతవరకూ వదలవచ్చు అని. కుళ్లిపోయే మురుగుకు ఈ మాట కొంతవరకు సరిపోతుంది. ఎన్నటికీ కుళ్లని విషానికి సరిపోదు. దీన్ని లోకానికి నేర్పింది జపాన్‌లోని మినమాటా.

అక్కడ చిస్సో అనే రసాయన కర్మాగారం పాదరసంతో కూడిన వ్యర్థాలను సముద్రపు పాయలోకి వదిలేది. చేపలు తిన్న పిల్లులు గిరగిరా తిరిగి చచ్చాయి. తరువాత మత్స్యకారుల పిల్లలకు కాళ్లూ చేతులూ పట్టుతప్పాయి, మాట పడిపోయింది. ఈ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956 మే 1న. 1958లో కంపెనీ తన వ్యర్థాల కాల్వను మినమాటా నది ముఖద్వారం వైపు తిప్పింది. దాంతో విషం ఇంకా విస్తారమైన సముద్రంలోకి పోయి, కొత్త పల్లెల్లో కొత్త రోగులు బయటపడ్డారు. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసమని చెప్పారు. జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

లెక్క ఎక్కడ తప్పింది? నీళ్లలో పాదరసం నిజంగానే అతి తక్కువ. ఆ నీళ్లలో నాచు పెరుగుతుంది. నాచును పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప. ప్రతి మెట్టు దగ్గరా విషం చిక్కబడుతుంది. నీళ్లలో ఉన్నదానికి పెద్ద చేపలో పది లక్షల రెట్లు కూడా ఉండవచ్చు. నీళ్లు పలుచన చేస్తుంటే చేప చిక్కన చేస్తోంది. పద్దులో నీటి గడి ఉంది, చేప గడి లేదు. చేపే కూడుగా బతికే మనుషుల గడి అసలే లేదు.

1960ల చివర స్వీడన్ శాస్త్రవేత్తలు జెన్సెన్, యెర్నలోవ్ మరో ముడి విప్పారు. కర్మాగారం మామూలు పాదరసమే వదిలినా, అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మార్చగలవు. ఒంట్లో నిలిచిపోయి నరాలను దెబ్బతీసేది ఆ మిథైల్ పాదరసమే. అంటే బురద చెత్త కుప్ప కాదు, విషం తయారయ్యే చోటు కూడా.

అప్పటికే ఇదంతా కెనడా ఆదివాసుల నదిలో జరిగిపోతోంది. ఒంటారియో రాష్ట్రంలో డ్రైడెన్ పట్టణంలోని కర్మాగారం 1962 నుంచి 1970 వరకు సుమారు 9 నుంచి 10 టన్నుల పాదరసాన్ని వాబిగూన్ నదిలోకి వదిలింది. దిగువన గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ అనే రెండు ఓజిబ్వే ఆదివాసీ గ్రామాలున్నాయి. వాళ్ల తిండి చేప. వాళ్ల కూలి కూడా చేపే, పర్యాటకులను పడవల్లో చేపల వేటకు తీసుకెళ్లేవారు. 1970లో చేపలు తినరాదని తేలింది. ఒక్కసారిగా తిండీ పోయింది, పనీ పోయింది. 1975లో జపాన్ నుంచి డాక్టర్ మసాజుమి హరాదా వెళ్లి చూసి, మినమాటా లక్షణాలే ఇక్కడా ఉన్నాయన్నారు.

1980లలో శాస్త్రవేత్తలు బురదలోని విషాన్ని అణచే మార్గాలు సూచించారు. నది తనంతట తానే బాగుపడుతుందని ప్రభుత్వాలు ఊరుకున్నాయి. ఆనాటి పరిశోధకుల్లో ఒకరైన జాన్ రడ్ 2016లో మళ్లీ నివేదిక ఇచ్చారు. విషం ఇంకా ఎక్కువగానే ఉందని, శుభ్రం చేయడం సాధ్యమేనని అందులో చెప్పారు. 2017లో ఒంటారియో ప్రభుత్వం శుద్ధికి 8.5 కోట్ల కెనడా డాలర్లు ఇస్తామంది. అప్పటికి కర్మాగారం పాదరసం వదలడం ఆగి 47 ఏళ్లు.

విచిత్రమేమంటే, ఆ ప్రాంతంలోనే సరస్సుల మీద గొప్ప ప్రయోగాలు జరిగాయి. 1968లో మొదలైన ప్రయోగ సరస్సుల కేంద్రంలో 226 నంబరు సరస్సును 1973లో మధ్యన తెర కట్టి రెండు చేశారు. ఒకవైపు కార్బన్, నత్రజని వేశారు. రెండోవైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ వేసిన సగం పచ్చటి పాచితో నిండింది. పొలాల ఎరువూ, బట్టల సబ్బుపొడీ నీళ్లలో చేరితే ఏమవుతుందో అందరికీ తెలిసింది. తరువాత 2001 నుంచి 658 నంబరు సరస్సులో పాదరసం మీద పని చేశారు. మేకలకు గుర్తు వేసి మందలో వదిలినట్టు, వేర్వేరు ఐసోటోపుల పాదరసాన్ని సరస్సులో, చిత్తడిలో, గట్టు అడవిలో వేసి ఏది ఎటు పోతుందో చూశారు. వేయడం ఆపాక చేపల్లో ఆ విషం కొద్ది ఏళ్లలోనే బాగా తగ్గిందని 2021లో ప్రకటించారు.

మరి గ్రాసీ నారోస్ చేప ఎందుకు కోలుకోలేదు? అక్కడ పైప్ మూసినా రాబడి ఆగలేదు. ఏళ్ల తరబడి అడుగున దిగిన బురదే ఇప్పుడు విషాన్ని నదికి అందిస్తోంది. 'అడుగున దిగింది' అన్న గడిని ఖర్చులో రాసి మరిచిపోకూడదు. అది ఏటా కొంత మళ్లీ రాబడి వైపుకు వస్తుంది.

ఈ చరిత్ర మనకెందుకంటే, పెద్ద గనికో కర్మాగారానికో అనుమతి ఇచ్చే ముందు పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. అలాంటి సభకు పిలిచినప్పుడు మన గూడెం మనిషి నాలుగు ప్రశ్నలు అడగాలి. నీళ్లు కొలిచింది వరద నెలలోనా, వాగు సన్నబడే ఎండాకాలంలోనా? ఆక్సిజన్ తగ్గేది ఏ ఊరి రేవు దగ్గర? బురదను పరీక్షించారా? ఈ వాగు చేపను వారానికి ఎన్నిసార్లు తింటారని ఏ ఇంటినైనా అడిగారా?

వీటిలో మొదటి మూడింటికి పరికరాలు కావాలి. నాలుగోదానికి జవాబు మన ఇళ్లలోనే ఉంది. ఏ ఇల్లు ఏ కాలంలో ఎంత చేప తింటుందో మన బడిపిల్లలు నోటు పుస్తకంలో రాసి పెట్టగలరు. గడి గీసి అంకె చూపిస్తే, తరువాత లెక్క వేసేవాడు దాన్ని దాటి పోవడం కష్టం. ఓజిబ్వేల పద్దులో ఆ గడి గీసేసరికి చేప విషమైపోయింది. మన వాగుల పద్దులో దాన్ని ముందుగానే, మన చేత్తోనే గీసుకుందాం.